అనవసరపు మలుపు

సుఆమే, కుమాసి
శుక్రవారం, మధ్యాహ్నం బేరం అయ్యాక

ఫ్రేమా వాళ్ళ నాన్నకి,

ఉత్తరం విప్పావు కదా, ముందు చెంబెడు నీళ్ళు తాగు. ఇంటికొచ్చిన మనిషికి నీళ్ళిచ్చాకే వచ్చిన పనేమిటని అడగడం మన పద్ధతి. లైబీరియా అడవుల్లో దుంగల లారీ తోలుకుంటున్న మొగుడికి నేను ఇక్కణ్ణుంచి నీళ్ళివ్వలేను గనక నువ్వే తాగి చదువు. ఇక్కడ అందరం బాగున్నామని రాయాలి కాబట్టి రాస్తున్నాను. నేను బాగున్నాను, ఫ్రేమా బాగుంది, మీ అమ్మ మోకాళ్ళ నొప్పి కాస్త తగ్గింది, పొద్దున్నే లేచి కోడళ్ళని తిట్టే ఓపిక వచ్చింది. నువ్వూ కులాసా అనే అనుకుంటాను. క్షేమాలు అయిపోయాయి. ఇక నా ఒళ్ళు ఎలా మండిపోతోందో చెబుతాను, విను.

ఫోనులో చెప్పొచ్చుగా అంటావు. మీ క్యాంపులో గుట్టెక్కితే గానీ సిగ్నలు రాదు. ఎక్కాక నువ్వు ‘హలో, హలో, అంతా బానే ఉందా, సరే’ అని పెట్టేస్తావు. ఉత్తరంతో అలా కుదరదు. బ్రెన్యా సోమవారం మీ వైపు బండి తోలుకొస్తున్నాడు, అతని చేతికిస్తున్నాను. నువ్వు చివరిదాకా చదివేవరకు పక్కనే నిలబడమని గట్టిగా చెప్పాను.

ఓడిపోయాం. తిప్పి తిప్పి చెప్పడం నాకు చేతకాదు. నీ కూతురి రోబోకి రెండో స్థానం వచ్చింది. కప్పు కొండమీది అబ్బాయిల బడికి పోయింది.

నీ షరతు నాకు గుర్తుందిలే. పోయిన ఉత్తరంలో నువ్వు రాసింది ఫ్రేమాయే నాకు చదివి వినిపించింది, ఆ వేళ నా చేతులు చేపల పిండిలో ఉన్నాయి. ‘ఆ బొమ్మబండి పోటీలో కప్పు తెస్తే టెక్నికల్ బడిలో చేర్పిద్దాం. తేకపోతే టకోరాడిలో మా అక్క సెలూనుకి పంపించు, జడలల్లడం నేర్చుకుంటుంది, ఆడపిల్లకి చేతిలో పనుంటుంది’ అని. పిల్ల గొంతు ఎక్కడా తడబడకుండా చదివింది. చదివి, మడిచి, నా కొంగు కింద పెట్టి బడికి పోయింది. బిడ్డ ఎవరి వంశంది, నీదా నాదా? మనలో తల్లి వంశానిదేగా. మా అన్నయ్యని, ఆ పిల్ల మేనమామని, ఒక్క మాట అడగకుండా షరతులు పెట్టే పెద్దరికం నీకెవరిచ్చారు? ఆయన ఏ మాట అన్నాడో తెలుసా? ‘ఫీజు కట్టేవాడు తండ్రి, అతను అన్నదానికి నేను అడ్డం పడను’ అన్నాడు. మగాళ్ళంతా ఒక్కటే. సరే, ఆ గొడవ ఇంకోసారి పెట్టుకుందాం.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు రాస్తాను. వంటింటి రేకు బాగు చేయించాను. నేను మొక్కజొన్న కెంకే ముద్దలమ్మే బండి ముందుచక్రం ఇంకా అలాగే గడగడలాడుతోంది, నువ్వు వచ్చి చూడాల్సిందే. ఇక, ‘చిన్న పెట్టెంత బండికి ఆరు చక్రాలెందుకు, నా లారీకి చక్రాలు ఎక్కువై మలుపుల్లో టైర్లు అరిగిపోయి నేను ఏడుస్తుంటే’ అని వెక్కిరించావు చూడు, దానికి జవాబు ఉంది. నిదానంగా చదువు, ఎందుకంటే నేనే నిదానంగా నేర్చుకున్నాను.

పోటీ ఏమిటంటే, ఇంటికొచ్చిన అతిథులకి నీళ్ళివ్వడం. వేదిక మీద అర్ధచంద్రంలా ఐదు కుర్చీలు, ఐదుగురు పెద్దలు. కింద ఎర్ర తివాచీ. రోబో నెత్తిన పళ్ళెం, పళ్ళెంలో ఐదు గ్లాసులు. వాలుబల్ల ఎక్కి వేదిక మీదికి వచ్చి ఒక్కొక్కరి ముందూ ఆగాలి, వాళ్ళు గ్లాసు తీసుకోవాలి, చుక్క ఒలకకూడదు. ఎవరూ రిమోటు పట్టుకోకూడదు, అది తనంతట తనే నడవాలి. పని చిన్నదే. చెయ్యడానికి కూర్చున్నాక తెలిసింది.

మొదట పిల్లలు నాలుగు చక్రాలు పెట్టారు, నాలుగింటికీ మోటార్లు. పట్టు బ్రహ్మాండంగా ఉంది, వాలుబల్లని పిల్లిలా ఎక్కేసింది. తిరగమంటే మాత్రం మొండికేసింది. ఈ బండికి నీ లారీకిలా ముందుచక్రాలు పక్కకి వంగవు. ఒక పక్క చక్రాలు ముందుకీ, ఇంకో పక్కవి వెనక్కీ తిరిగితే బండి ఉన్నచోటే తిరగాలి. అలా తిరగాలంటే ప్రతి చక్రమూ కాస్త పక్కకి జారాలి. రబ్బరు తివాచీని పట్టుకుని జారనంటుంది, మోటారు కాదు తిరగాల్సిందే అంటుంది. ఇద్దరి పంతం మధ్య బండి కప్పలా గెంతింది. గ్లాసులన్నీ నా మీదే పడ్డాయి, నేనే కుర్చీలో అతిథిలా కూర్చున్నాను.

అయితే చక్రాలు తగ్గిద్దామన్నారు. ముందు రెండు పెద్ద చక్రాలు, వెనక ఎటు తోస్తే అటు తిరిగే బుల్లి చక్రం, నా కెంకే బండికి ఉన్నటువంటిది. తిరగడం ఎంత సొంపుగా తిరిగిందో. మడమ మీద గిర్రున తిరిగే ఆటకత్తెలా తిరిగింది. కానీ వాలుబల్ల ఎక్కమంటే ఎక్కదు. ఎక్కేటప్పుడు బరువంతా వెనక్కి పోయి ఆ పని చెయ్యని బుల్లి చక్రం మీద కూర్చుంది. పని చేసే రెండింటి మీదా బరువు లేక అవి ఉన్నచోటే గిరగిరా తిరిగాయి. రహీనా, జోంగో పేటలో మసీదు వెనక ఉంటారే, ఆ పిల్లే, ఫ్రేమా జోడీ. అది అంది, ‘పిన్నీ, ఇది అచ్చం మా అన్నలాగే. బరువైన పని చూస్తే కాళ్ళు నేలని ఆనవు.’

నాలుగుంటే పట్టుంది, తిరుగుడు లేదు. రెండుంటే తిరుగుడుంది, పట్టు లేదు. బోయాతెంగ్ మాస్టారు పిల్లల్ని వదిలేసి తను వరండాలో కూర్చున్నాడు, మీరే తేల్చుకోండని. ఆ తేలింది ఎలాగో తెలుసా? నీ వల్లే. ఫ్రేమా గోడకానుకుని కూర్చుని ఉన్నట్టుండి అడిగింది, ‘అమ్మా, నాన్న ఖాళీ బండితో ఇంటికొచ్చేటప్పుడు వెనక ఒక జత చక్రాలు పైకెత్తి పెట్టుకుని వస్తాడు కదా, ఎందుకు?’ నాకేం తెలుసు, అరగకుండా అనుకుంటానన్నాను. ‘అంతేనా? అవి ఎత్తితే మన సందు మలుపు కూడా సులువుగా తిరుగుతుంది. నేను చూశాను’ అంది.

అదీ ఆరు చక్రాల కథ. ఆరు పెట్టి, నడిమి జతని నాణెం మందమంత కిందికి దించారు. ఇప్పుడు చదునునేల మీద ఎప్పుడూ నాలుగే ఆనుతాయి, నడిమివీ వెనకవీ. ముందువి గాల్లో వేలాడుతుంటాయి. తిరిగేటప్పుడు అది పొట్టి బండి, గెంతకుండా తిరుగుతుంది. వాలుబల్ల మొదట్లో ముందుచక్రాలు వచ్చి పట్టుకుంటాయి, అప్పుడు పొడుగు బండి. చక్రాలెన్ని అని కాదట, ఏ క్షణంలో ఎన్ని నేలని ఆనుతున్నాయి, వాటి మీద ఎంత బరువుంది, వాటి మధ్య ఎడం ఎంత, అదీ లెక్కట. మరో తిరకాసు కూడా వచ్చింది. నడుమ ఎత్తుగా ఉంది కదా, వెనక గ్లాసులు తీసేసరికి బరువు ముందుకి పోయి బండి ఊయలబల్లలా ముందుకి టక్కున వాలేది. రహీనా బ్యాటరీని ఊడబీకి వెనక కొసకి బిగించింది. అప్పటినుంచి ఎవరు ఏ గ్లాసు తీసుకున్నా కదల్లేదు.

ఇంకోటి. చక్రాలకి రబ్బరు ఎక్కణ్ణుంచి వచ్చిందని అడుగుతావు. వరండాలో మేకుకి వేలాడదీసి ‘ఎవరూ ముట్టుకోవద్దు, పనికొస్తుంది’ అని నువ్వు ఏళ్ళ తరబడి కాపలా కాసిన పాత ట్యూబు ఉందే, అది పనికొచ్చింది. అరుస్తావని తెలుసు. అరుచుకో. అసలు అరవాల్సిన సంగతి ఇంకా ముందుంది, గొంతు దాచుకో.

పోటీ రోజు హాలు కిక్కిరిసింది. నేను బేరం మానుకుని, నా నీలం అద్దకం గుడ్డ కట్టుకుని వెళ్ళాను. ఐదు కుర్చీల్లో ఒక పాస్టరు, ఒక ఇమాము, విద్యాశాఖ మేడమ్, బ్యాంకాయన, నడిమి కుర్చీలో నానా న్తియామోవా. మన పేట రాజుగారి మాట సభకి వినిపించే పెద్దాయన, బంగారు బొమ్మ కర్ర పట్టుకుంటాడే, ఆయనే. జడ్జీలకి పెద్ద, అక్రా నుంచి వచ్చిన లామ్టే అని, కోటు వేసుకున్నాయన. ఇది బాగా గుర్తుపెట్టుకో: ఆ కోటాయన వేదిక ఎక్కగానే ఏం చేశాడు? తన కుడివైపు కొసన ఉన్న ఇమాము దగ్గరికి నడిచి, అక్కణ్ణుంచి ఒక్కొక్కరికీ చెయ్యి కలుపుకుంటూ ఎడమ కొసకి వచ్చాడు. మన ఊళ్ళోనైనా, వాళ్ళ అక్రాలోనైనా, మనిషన్నవాడు చేసే పనే చేశాడు. ఎడమ నుంచి మొదలెడితే అరచెయ్యి చూపించడం మానేసి చేతి వెనకభాగం చూపించినట్టు, అది పలకరింపు కాదు, తిట్టు.

అయితే ఆ వాలుబల్ల ఎక్కడ పెట్టారు? ఎడమ కొసన. ఎక్కగానే ఎదురుగా ఎడమ కొస కుర్చీ. పెట్టినవాడికి బుద్ధుందో లేదో నాకు తెలీదు.

కొండమీది బడి రోబో ముందు వచ్చింది. కొనుక్కొచ్చిన చక్రాలు, ఒక్కో చక్రం చుట్టూ మళ్ళీ బుల్లి రోలర్లు, పక్కకి కూడా పాకుతుంది. అందంగా ఉంది, కాదనను. ఆ పిల్లలది తప్పూ కాదు. బల్ల ఎక్కింది, ఎడమ కొసన ఉన్న పాస్టరు ముందే ఆగింది. హాల్లో ముసలమ్మలందరూ ‘అయ్యో’ అని నోళ్ళు నొక్కుకున్నారు. పాస్టరు అటూ ఇటూ చూసి, నవ్వలేక నవ్వి గ్లాసు తీసుకున్నాడు. మేడమ్ తీసుకుంది. నానా ముందుకొచ్చి ఆగింది. నానా చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. అది కీచుమంది. ఆయన కదల్లేదు. మళ్ళీ కీచుమంది. అప్పుడాయన ముందుకి వంగి, మనవడితో మాట్లాడినట్టు మెత్తగా అన్నాడు, ‘నీకు చేతుల్లేవు నాయనా, నిన్నేమనను. నిన్ను చేసినవాళ్ళకి ఉన్నాయా లేవా?’ హాలంతా గొల్లుమంది. ఆ కుర్రాళ్ళు తలలు దించుకున్నారు. రోబో కాసేపు నిలబడి, గ్లాసుతోనే బ్యాంకాయన దగ్గరికి పోయింది.

తర్వాత మనది. చూడ్డానికి ఏముంది, నీ ట్యూబు ముక్కలూ, పాత మిషన్ల రేకూ, పైన మీ అమ్మ ఇత్తడి పళ్ళెం. బల్ల ఎక్కింది, జారలేదు. పాస్టరు ముందుకొచ్చింది. గ్లాసు అందుకోబోయి ఆయన చెయ్యి చాచాడు. అది ఆగలేదు. ఉన్నచోటే నెమ్మదిగా కుడికి తిరిగి, ఐదుగురి ముందు నుంచీ దూరంగా, తివాచీ అంచున, తలొంచుకు పోయే కోడలిలా అడ్డంగా నడుచుకుంటూ కుడి కొసకి పోయింది. అక్కడ మళ్ళీ ఉన్నచోటే తిరిగింది. గెంతలేదు, ఊగలేదు. ఇమాము ముందు ఆగింది. హాల్లో చప్పట్లు మొదలయ్యాయి, నేను వినలేదు, రహీనా వాళ్ళమ్మ నా జబ్బ పట్టుకుని గిల్లుతుంటే తెలిసింది. ఇమాము, బ్యాంకాయన, తర్వాత నానా. నానా ఈసారి నిటారుగా కూర్చుని, కుడిచేత్తో గ్లాసు తీసుకుని, ఆచారం ప్రకారం పోయిన పెద్దల పేర నాలుగు చుక్కలు కింద ఉన్న పూలకుండీలో పోసి, మిగతాది గటగటా తాగేశాడు. ‘చల్లగా ఉన్నాయి’ అన్నాడు. అంతే అన్నాడు. మేడమ్, పాస్టరు, అయిపోయింది. తివాచీ మీద చుక్క నీరు లేదు.

నువ్వైతే ఏమనుకుంటావు? కప్పు ఎవరిదనుకుంటావు? నేనూ అదే అనుకున్నాను. బస్సులో ఫ్రేమాని మీ అక్క దగ్గరికి పంపే పని తప్పిందని నా గుండె కుదుటపడింది.

కోటాయన మైకు పట్టుకుని చదివాడు. మనది నీళ్ళు ఒలకనందుకు పూర్తి మార్కులు, వాలుబల్లకి పూర్తి మార్కులు, తిరగడానికి అందరికన్నా ఎక్కువ మార్కులు. తర్వాత ‘అనవసరపు మలుపులు, అనవసర ప్రయాణం’ అని కోత. ఆ కోతతో రెండో స్థానం. మరి నానా ముట్టని గ్లాసు సంగతేమిటని ఎవరో అరిచారు. ‘అతిథి ప్రవర్తనకి యంత్రం బాధ్యత కాదు’ అన్నాడు.

నేను లేచాను. నా సంగతి నీకు తెలుసు, లేస్తే కూర్చోను. మనుషుల్ని తోసుకుంటూ జడ్జీల బల్ల దగ్గరికి పోయాను. బోయాతెంగ్ మాస్టారు ‘అమ్మా, వద్దమ్మా’ అంటూ వెనకాలే వచ్చాడు.

‘అయ్యా, అనవసరపు మలుపు అంటే ఏది?’ అని అడిగాను.

‘మొదటిదమ్మా. ఎదురుగా కుర్చీ ఉండగా అక్కడిదాకా పోయి తిరగడం. దారి ఎంత తగ్గితే అంత తెలివి’ అన్నాడు, చిన్నపిల్లకి చెప్పినట్టు.

‘మరి పొద్దున తమరు ఎదురుగా పాస్టరుగారు ఉండగా ఇమాముగారి దాకా ఎందుకు పోయారు? తమరికి మార్కులు ఎవరు కోస్తారు?’

పక్కనున్న జడ్జీలు కాగితాల్లోకి చూసుకున్నారు. ఆయన కోటు బొత్తాం సర్దుకున్నాడు. ‘అది మర్యాదమ్మా. నేను మనిషిని. ఇది ఇనుప డబ్బా. దీనికి ఎడమేంటి, కుడేంటి?’ అన్నాడు.

‘నీళ్ళిచ్చే పోటీ పెట్టి, మర్యాద అక్కర్లేదంటారా? నీళ్ళివ్వడమే మర్యాద కదయ్యా. అది లేకపోతే కుళాయి పెట్టుకోండి, సరిపోతుంది.’

జనం నవ్వారు. నవ్వితే ఏం ఒరిగింది? పుస్తకంలో రూలు చూపించాడు. రూలులో కుడి లేదు, ఎడమ లేదు, ‘అతి తక్కువ దారి’ అని ఉంది. రాసినవాళ్ళ ఇళ్ళకి అతిథులు వస్తారో రారో. కప్పు కొండమీదికి పోయింది. ఆ కుర్రాళ్ళలో ఒకడు మన ఫ్రేమా దగ్గరికొచ్చి ‘అక్కా, నడిమి చక్రాలు ఎంత దించారు?’ అని అడిగి, చూసి పోయాడు. వాడికున్న ఇంగితం పెద్దాయనకి లేదు.

ఫ్రేమా ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఇంటికొచ్చి రోబోని గోనెసంచిలో పెట్టి మంచం కిందికి తోసింది. దువ్వెన తెచ్చి, ‘అమ్మా, ఇలా కింద కూర్చో’ అంది. నా వెనక స్టూలేసుకుని కూర్చుని జడలల్లడం మొదలెట్టింది. ఏం చేస్తున్నావే అన్నాను. ‘అలవాటు చేసుకుంటున్నాను. అత్తయ్య దగ్గరికి వెళ్ళేసరికి కొంచెమైనా రావాలిగా’ అంది.

మెడ వంచుకుని కూర్చున్నాను. ఒక పక్క జడలు మాడు ఊడేంత బిగుతు, ఇంకో పక్క వదులు. సంతలో అడిగినవాళ్ళకల్లా నా కూతురు అల్లిందని చెబుతున్నాను. ఈ వారమంతా ఆ తలతోనే కెంకే అమ్మాను, ఆ తలతోనే నీకు ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇప్పుడు అసలు మాట. ఇంతసేపూ నీళ్ళు నమిలాను. కోటాయన మీద నాకింత మంట ఎందుకో నువ్వు అడగవు గానీ, నేను చెప్పాలి.

పోటీకి ముందురోజు మధ్యాహ్నం ఫ్రేమా వేదిక పటం పట్టుకుని నా బండి దగ్గరికొచ్చింది. వాలుబల్ల ఎడమన పెట్టారని ఆ రోజే తెలిసింది. ‘అమ్మా, కుడి నుంచి మొదలెట్టాలంటే అడ్డంగా అంత దూరం పోయి తిరగాలి. మార్కులు పోతాయని మాస్టారు చెప్పాడు. ఎడమ నుంచైతే ఎక్కగానే కుర్చీ. ఎలా చెయ్యను?’ అని అడిగింది. నేను ఏమన్నానో తెలుసా? చేపలు తిప్పుతూ, తలెత్తకుండా అన్నాను, ‘ఎడమ నుంచి పోవే. అది ఇనుప డబ్బా. దానికి ఎడమేంటి, కుడేంటి? ముందు గెలువు.’

అవును, ఆయన అన్న మాటే. అక్షరం పొల్లు పోలేదు. ఆ బల్ల దగ్గర ఆయన నోట అది వినేసరికి నా మాట తెచ్చి నా మొహానే కొట్టినట్టయింది. అందుకే అంతెత్తున లేచాను. నాకు మర్యాద తెలీక కాదు, నాకు నీ షరతు భయం. పిల్ల టకోరాడి బస్సెక్కుతుందేమోనని, నానా ముందు, ఇమాము ముందు, ఊరంతటి ముందు నా కూతురు ఎడమచెయ్యి చాపినా ఫరవాలేదనుకున్నాను. మా అమ్మ వింటే నన్ను గుమ్మంలోకి రానివ్వదు.

నీ కూతురు పటం మీద కుడి కొస కుర్చీ చూసింది. ‘నాన్న చూస్తే?’ అంది.

‘మీ నాన్న లైబీరియాలో ఉన్నాడే’ అన్నాను.

‘అందుకేనమ్మా. తాతయ్య కర్మలప్పుడు నేను ఎడమ నుంచి మొదలెడితే నాన్న ఏం చేశాడు? సగం మందికి చెయ్యి కలిపేశాను. అయినా సరే అంతమంది ముందు నా చెయ్యి పట్టుకుని గేటు దాకా వెనక్కి తీసుకుపోయి, మళ్ళీ మొదటి నుంచి మొదలెట్టించాడు. దూరమైనా సరే కుడి నుంచే రావాలి, దగ్గరిదారి కావాల్సినవాడు ఇంట్లోనే కూర్చోవాలి అన్నాడు. ఇప్పుడు వెనక్కి తీసుకుపోవడానికి నాన్న లేడుగా. నేనే పోవాలి’ అంది.

అని పటం మడుచుకుని పోయింది. ఎడమ నుంచి పోతే గెలుస్తానని తెలుసు. గెలవకపోతే ఎక్కడికి పోవాలో తెలుసు, ఆ ఉత్తరం చదివింది తనే. తెలిసి తెలిసి కుడికి తిప్పింది.

ఇప్పుడు చెప్పు, ఫ్రేమా నాన్నా. కోటాయన్ని తిట్టాను, నన్ను నేను తిట్టుకున్నాను, ఇక నువ్వే మిగిలావు. బిడ్డకి నెత్తురు తల్లిది, బుద్ధి తండ్రిది అని మన పెద్దలంటారు. ఆ లెక్కన నా నెత్తురు గెలవమంది, నీ బుద్ధి ఓడింది. నువ్వు నేర్పినదానికి కట్టుబడి ఓడిన పిల్లని, ఓడిందని నువ్వే శిక్షిస్తావా? అలా అయితే ఆ రోజు కర్మల్లో గేటు దాకా ఎందుకు నడిపించావు, సగంలో వదిలేస్తే పోయేదిగా?

నేను దాన్ని టకోరాడి బస్సెక్కించను. మీ అక్కతో నాకేం తగువు లేదు, ఆవిడ చేతిపని గొప్పదే, నా తల చూసినవాళ్ళెవరైనా ఒప్పుకుంటారు. కానీ ఎక్కించను. ఎక్కించాలనుకుంటే నువ్వే రా.

వచ్చే నెల సెలవుకి ఎలాగూ వస్తావు. వాకిట్లో మీ అమ్మ, మా అన్నయ్య, నేను, అందరం కుర్చీలేసుకుని కూర్చుంటాం. పద్ధతి నీకు చెప్పక్కర్లేదు, కుడి కొస నుంచి ఒక్కొక్కరినీ పలకరించుకుంటూ రా. ఎడమ కొసన చివరి కుర్చీలో నీ కూతుర్ని కూర్చోబెడతాను. దాని దగ్గరికొచ్చేసరికి ఏం చెప్పాలో దారి పొడుగునా ఆలోచించుకో. నీళ్ళు అదే ఇస్తుంది, మంచం కింది నుంచి దాని బండిని తీస్తే.

ఇట్లు,
వంకర జడలతో,
నీ ఇల్లాలు, ఫ్రేమా తల్లి
దుఫీ